పట్టీ కొట్టించే ముందు

నాయనా, శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకున్నావని విని సంతోషించాను. ఫోన్‌లో దాచుకున్న బొమ్మలన్నీ చూపించావు, చూశాను. గోడ నిండా చట్రాలు, సీలింగ్ చుట్టూ మెట్లుమెట్లుగా పట్టీలు, తలుపుల చుట్టూ అరచెయ్యంత వెడల్పు మోల్డింగులు. బాగున్నాయి, కాదనను. కానీ మేస్త్రీతో నువ్వన్న మాట ఒకటి నా చెవిన పడింది. "మిగతా పనంతా అయిపోయింది కదా, ఆ మోల్డింగులు రెండు రోజుల్లో కొట్టేసి వెళ్లిపోండి" అన్నావు. ఆ మాట గురించే కాస్త మాట్లాడాలి, ఇలా వచ్చి కూర్చో.

చెక్కపనిలో అన్నిటికన్నా చివర్న వచ్చేది మోల్డింగే. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది, ఒంట్లో ఓపిక అయిపోయి ఉంటుంది, ముహూర్తం ముంచుకొస్తుంటుంది. అందుకే తొందరంతా దాని మీదే పడుతుంది. తీరా చూస్తే ఇంట్లో అడుగుపెట్టిన వాళ్ల కన్ను ముందు పడేది కూడా దాని మీదే. బీరువా లోపల అర ఎలా బిగించారో ఎవరూ తొంగి చూడరు. తలుపు పై మూలన రెండు పట్టీలు కలిసే చోట గోరు దూరేంత సందు వచ్చిందంటే మాత్రం, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ నీ కంటికే తగులుతుంది.

నేను చెప్పేది ఒక్కటే. ఏ పట్టీ అయినా సరే, కొట్టించే ముందు దాని పనేమిటో అడుగు. అందం సంగతి తరవాత చూద్దాం. పని ఉన్న పట్టీకి అందం దానంతట అదే వస్తుంది. పని లేని పట్టీ దుమ్ము మోయడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

ముందు తలుపు దగ్గరికే రా. ద్వారబంధం చెక్క, దాని చుట్టూ ఉన్నది సిమెంటు గోడ. వానాకాలంలో తలుపు బిగుసుకుపోవడం, ఎండాకాలంలో వదులవడం నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కదా. ఎంత ఎండిన చెక్క అయినా గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, పొడి రోజుల్లో కుంచించుకుపోతుంది. ఆ కదలికంతా వెడల్పులోనే, పొడవులో దాదాపు ఏమీ ఉండదు. గోడ అలా కదలదు. కదిలేదీ కదలనిదీ ఆనుకుని ఉన్న చోట బీట పడక తప్పదు. ఎంత సిమెంటు మెత్తినా, ఎంత లప్పం పెట్టినా ఏడాది తిరిగేసరికి ద్వారబంధం చుట్టూ సన్నటి గీత తేలుతుంది. ఆ గీతను కప్పడానికి పుట్టిందే తలుపు చుట్టూ కొట్టే మోల్డింగ్. ఒక అంచు ద్వారబంధం మీద, ఇంకో అంచు గోడ మీద ఆనించి మధ్యలో ఆ సందును దాచుకుంటుంది. 2 అంగుళాలో, 3 అంగుళాలో వెడల్పు ఉంటే ఆ పనికి చాలు. అరచెయ్యంత ఎందుకు?

వెడల్పు ఎక్కువైతే ఇంకో చిక్కుంది. పై మూలన పట్టీలను 45 డిగ్రీల కోత కోసి కలుపుతారు. చెక్క వెడల్పులో కుంచించుకున్నప్పుడు ఆ కోత విడిపోతుంది. పట్టీ ఎంత వెడల్పుంటే సందు అంత తెరుచుకుంటుంది. సరే, వెడల్పుదే కావాలని నీకు పట్టుదల ఉందనుకో, మూలన చదరపు దిమ్మె ఒకటి పెట్టించు. నిలువు పట్టీ కింద నుంచి వచ్చి దిమ్మెకు ఆనుతుంది, అడ్డపట్టీ పక్క నుంచి వచ్చి ఆనుతుంది. కోణం కోతే అక్కర్లేదు. పాత కాలపు బంగళాల తలుపుల మీద పువ్వు చెక్కిన దిమ్మెలు కనిపిస్తాయి చూడు, వాటి వల్ల ఈ సుఖం కూడా ఉంది.

పట్టీని ద్వారబంధం లోపలి అంచుకు సమానంగా పెట్టనివ్వకు. ఓ 5 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి కొట్టమను. అంచుకు అంచు కలపాలని చూస్తే వెంట్రుకవాసి తేడా కూడా వంకరగా కనబడుతుంది. కాస్త వెనక్కి జరిపితే అక్కడ చిన్న మెట్టు పడి, దాని నీడలో ఆ తేడా కలిసిపోతుంది. మడతబందులకూ అడ్డం రాదు.

ఇక పాదం. ఇది మన ఇళ్ల సంగతి, ఆ ఫోన్ బొమ్మల్లో ఉండదు. మనం గడప కడుగుతాం, పసుపు రాస్తాం, బొట్లు పెడతాం. మీ అమ్మ శుక్రవారం నాడు చెంబుతో నీళ్లు పోసి గడప తుడవకుండా ఉండదు, ఉండమని నువ్వూ చెప్పకు. ఆ నీళ్లు తలుపు మోల్డింగ్ పాదంలోకి పోతాయి. అది ఎండీఎఫ్ పట్టీ అయితే నాలుగు శుక్రవారాలకే బిస్కట్టు నానినట్టు ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బిన ఎండీఎఫ్ మళ్లీ యథాస్థితికి రాదు, పీకి పారెయ్యాల్సిందే. కాబట్టి తలుపుల దగ్గర గట్టి చెక్కే వాడించు. అదీ నేలకు ఆనకుండా 3 మిల్లీమీటర్లు పైకి ఎత్తి, కోసిన చివరకు పాలిషో ప్రైమరో పట్టించాకే కొట్టమను. చెక్క ఎక్కువగా నీళ్లు తాగేది ఆ కోసిన చివర నుంచే. పట్టీ ముందు వైపు మూడు కోట్లు వేసి, వెనక వైపు, చివరలు వట్టిగా వదిలేసే అలవాటు చాలా మందికి ఉంది. కనపడని వైపు ఒక్క కోటు వేయించడానికి నువ్వు పక్కన నిలబడి అడగాలి. అడిగితే చేస్తారు, అడగకపోతే చెయ్యరు.

మామిడి తోరణం మాట మరిచిపోయేవు. పండగ పండగకీ ఒక కొత్త మేకు, మంచి టేకు పట్టీ నెత్తిన. పదేళ్లకు ఆ పట్టీ జల్లెడవుతుంది. ఇప్పుడే పై పట్టీ రెండు చివరలా రెండు చిన్న ఇత్తడి కొక్కేలు బిగించుకుంటే పిల్లల పెళ్లిళ్ల దాకా ఇంకో మేకు కొట్టక్కర్లేదు.

నేల దగ్గరికి వద్దాం. గోడా నేలా కలిసే చోట నాలుగు వైపులా వేసే స్కర్టింగ్ ఉంది కదా, చీరకు ఫాల్ కుట్టినట్టే అనుకో. నేలకు రాసుకునే అంచు పాడవకుండా కాపాడటం దాని పని. చీపురు తగిలేది దానికే, తడిగుడ్డ తగిలేది దానికే, కుర్చీ కాలు, పిల్లవాడి మూడుచక్రాల బండి తగిలేది దానికే. అమెరికాలో మీ అక్క ఇంట్లో తెల్లటి చెక్క స్కర్టింగ్ 5 అంగుళాల ఎత్తున ఉందని, అలాంటిదే కావాలన్నావు. అక్కడ నేల చెక్కదో, తివాచీదో. బకెట్లతో నీళ్లు పోసి కడిగే అలవాటు లేదు. గోడ కూడా చెక్క నిలువుల మీద బిగించిన జిప్సం బోర్డు. 16 అంగుళాలకో నిలువు ఉంటుంది, మేకు నేరుగా దాంట్లోకి దిగుతుంది. ఆ ఇంటికి ఆ స్కర్టింగ్ సరిగ్గా సరిపోయింది. మన గోడ ఇటుక గోడ. డ్రిల్లు పెట్టి, ప్లగ్గు దించి, స్క్రూ బిగించాలి. రోజూ తడిగుడ్డ తిరిగే టైల్స్ నేల మీద 4 అంగుళాల టైల్ స్కర్టింగో, రాతి స్కర్టింగో ఉండటమే మేలు. మన వాళ్లు తెలియక వేసిన పద్ధతి కాదది.

పడకగదిలో చెక్క ఫ్లోరింగ్ వేయిస్తున్నానన్నావు. అక్కడ చెక్క స్కర్టింగ్ వేసుకో, అది దాని చోటే. చెక్క నేల కూడా ఉబ్బి తగ్గుతుంది కాబట్టి గోడ పొడుగునా ఓ 10 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు. ఆ ఖాళీని కప్పేది స్కర్టింగే. మేకు గోడలోకే దిగాలి, నేలలోకి దిగకూడదు. నేలకు కూడా మేకు కొట్టి కట్టిపడేస్తే, అది కదలడానికి చోటు లేక మధ్యలో పైకి లేస్తుంది. నేల ఎగుడుదిగుడుగా ఉండి స్కర్టింగ్ కింద అక్కడక్కడా వెలుతురు కనిపిస్తే, కింద సన్నటి పావు గుండ్రం పట్టీ వేస్తారు. సన్నది కాబట్టి నేల ఎలా వంగితే అలా వంగుతుంది. దాన్ని కూడా నేలకు కాకుండా స్కర్టింగ్‌కే కొట్టాలి. ఇంకో మాట, తలుపుల మోల్డింగ్ ముందు, స్కర్టింగ్ తరవాత. స్కర్టింగ్ వచ్చి తలుపు పట్టీకి ఆని ఆగాలి. తిరగేసి చేస్తే రెండూ చెడతాయి. స్కర్టింగ్ మందం తలుపు పట్టీ మందం కన్నా ఎక్కువ ఉండకుండా చూసుకో, లేకపోతే దాని చివర బయటికి పొడుచుకొచ్చి కాలి చిటికెన వేలికి తగులుతూనే ఉంటుంది.

గోడ మధ్యలో అడ్డంగా వేసే పట్టీ ఇంకొకటి ఉంది. కుర్చీ వీపు గోడకు గీసుకోకుండా పెట్టుకున్న పట్టీ అది. 32 నుంచి 36 అంగుళాల ఎత్తు అని పుస్తకాల్లో రాస్తారు. ఆ కొలత పట్టుకుని గీత గీసెయ్యకు. మీ భోజనాల బల్ల కుర్చీని గోడ దాకా తోసి చూడు, వీపు ఎక్కడ తగులుతుందో అక్కడ పెన్సిల్ పెట్టు. అసలు మీ ఇంట్లో గోడ పాడయ్యేది కుర్చీ వల్లేనా? మీ నాన్నగారు భోంచేశాక చాప మీద కూర్చుని గోడకు తల ఆనించి పేపరు చదువుతారు. తలకు రాసుకున్న కొబ్బరినూనె మరక గుండ్రంగా పడి ఉండేది మీ పాత ఇంట్లో, నేను చూశాను. దానికి ఈ పట్టీ పనికిరాదు. ఆ గోడకు కింద మూడడుగుల మేర చెక్క పలకలు వేసి, వాటి నెత్తిన పట్టీ వేయించు. తుడిస్తే పోతుంది, పెద్దాయనను లేచి కుర్చీలో కూర్చోమనే అవసరమూ ఉండదు. ఇంట్లో వాళ్లు ఎలా కూర్చుంటారో, ఎలా నడుస్తారో చూసి పట్టీ పెట్టాలి. పట్టీ పెట్టేసి, దానికి తగ్గట్టు మసలుకోండని ఇంట్లో వాళ్లకు చెప్పకూడదు.

ఇంకా పైన, మనిషి ఎత్తు దాటాక, ఫొటోలు వేలాడదీసే పట్టీ అని ఒకటుండేది. కొక్కెం తగిలించి తీగతో ఫొటో దించుకుంటారు, గోడకు మేకు పడదు. దీన్ని అందరూ మరిచిపోయారు. తాతముత్తాతల ఫొటోలు, పెళ్లి ఫొటోలు, దేవుడి పటాలు, మూడు రకాల క్యాలెండర్లు ఉండే మన ఇళ్లకు ఇంతకన్నా పనికొచ్చే పట్టీ లేదని నా నమ్మకం. హాల్లో ఒక్క గోడకైనా వేయించు.

గోడ నిండా చట్రాల్లా కొట్టే మోల్డింగుల మీద నీకు మనసైంది, తెలుసు. వాటికి పని తక్కువ, పెద్ద గోడను భాగాలు చేసి కంటికి ఆధారం ఇవ్వడమే వాటి పని. అదీ పనే, కాదనను. అయితే మన గోడల మీద స్విచ్ బోర్డులు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, ఏసీ గొట్టం ఒక మూల నుంచి దిగుతుంది, టీవీ వైరు ఇంకో చోట. చట్రం గీత సరిగ్గా స్విచ్ బోర్డు మీదుగా పోయిందంటే రెండూ వికారంగా కనిపిస్తాయి. కాగితం టేపు తెచ్చుకుని ఆ చట్రాలను గోడ మీద అంటించు. సోఫా వేసి, బీరువా పెట్టి, నాలుగు రోజులు అలాగే ఉంచు. పొద్దున్నే చూడు, రాత్రి దీపాల వెలుగులో చూడు, మీ ఆవిడను చూడమను. సోఫా వెనక దాగిపోయే చట్రానికి డబ్బు పెట్టడం ఎందుకో మీకే తడుతుంది. టేపు పీకడం తేలిక, జిగురు పెట్టి కొట్టిన పట్టీ పీకితే లప్పంతో సహా ఊడి వస్తుంది.

సీలింగ్ అంచున వేసే కార్నిస్ దగ్గర మాత్రం కాస్త గట్టిగా చెబుతాను. మీ ఫ్లాట్ ఎత్తు పది అడుగులకు మించదు, ఫాల్స్ సీలింగ్ దించాక ఇంకా తగ్గింది. అక్కడ 6 అంగుళాల కార్నిస్ పెడితే గది నెత్తి మీదికి వచ్చినట్టుంటుంది. మూడంగుళాల లోపు చాలు. లోతైన గాడులున్న నమూనా వద్దు. గాడిలో దుమ్ము చేరుతుంది, వంటింటి పక్కన అయితే పోపు పొగ చేరి జిడ్డు కడుతుంది. స్టూలెక్కి తుడిచేదెవరు? మోకాళ్ల నొప్పులతో మీ అమ్మా?

కార్నిస్ కోయడం ఎంత పనిమంతుడికైనా పరీక్షే. అది గోడకు అంటుకుని నిలబడదు, గోడకూ సీలింగుకూ మధ్య ఏటవాలుగా కూర్చుంటుంది. కొన్నిటికి ఆ వాలు 45 డిగ్రీలు, కొన్నిటికి 38. కోత పెట్టెలో తలకిందులుగా పెట్టి కోయాలి. మన గోడల మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉండటం అరుదు. 92 ఉంటే దాన్ని బట్టి కోత కోణం మార్చాలి, కళ్లు మూసుకుని 45 కోస్తే సందు వస్తుంది. అందుకే తెలిసినవాడు లోపలి మూలల్లో కోణం కోతలు కలపడు. ఒక పట్టీని నేరుగా గోడదాకా పోనిచ్చి, రెండోదాని చివరను మొదటిదాని వంపులకు అచ్చుగుద్దినట్టు సన్నరంపంతో చెక్కి దాని మీద కూర్చోబెడతాడు. చెక్క కుంచించుకున్నా ఆ అతుకు నోరు తెరవదు. స్కర్టింగ్‌కీ అదే పద్ధతి. దీనికి ఒక్కో మూలకూ చాలా సేపు పడుతుంది. రెండు రోజుల్లో వెళ్లిపోమన్న మనిషి చేత ఈ పని చేయించలేవు నాయనా. తొందర పెడితే ఆయన కోణం కోత కోసి, సందులో లప్పం నింపి, రంగు పూసి వెళ్తాడు. ఆయన తప్పేం లేదు, నువ్వడిగిందే ఇచ్చాడు.

ఈ వంపులన్నీ ఎక్కడి నుంచో ఊడిపడ్డవి కావు. గుండ్రం, పల్లం, పైన ఉబ్బి కింద లోపలికి పోయే మెలిక, ఇవి గ్రీకులు, రోమన్లు రాతిలో చెక్కిన వరసలు. మనకూ ఉన్నాయి. ఈసారి పాత గుడికి వెళ్లినప్పుడు అధిష్ఠానం దగ్గర ఒక్క నిమిషం ఆగు. కింద ఉపానం, దాని మీద జగతి, గుండ్రంగానో ఎనిమిది పలకలుగానో కుముదం, లోపలికి పోయిన కంఠం, ఆ పైన పట్టిక. ఎండ పడితే ఒక్కో వరస కింద ఒక్కో నీడ గీత. పైన ముందుకు వంగిన కపోతం వాననీళ్లను గోడకు తగలకుండా దూరంగా విడుస్తుంది. అక్కడ కూడా పని లేని వరస దొరకదు.

అలమార్ల పట్టీల సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్లైవుడ్ అంచుకు టేకు పట్టీ తప్పకుండా వేయించు, పొరలు ఊడవు, తేమ లోపలికి పోదు. అంచు కత్తిలా ఉంచకుండా గరుకు కాగితంతో కాస్త మొద్దు చేయమను. చీర కొంగు పట్టుకోదు, పిల్లల నుదురు కోసుకోదు, రంగు కూడా మొద్దు అంచు మీదే నిలుస్తుంది. కిటికీలకు అద్దం బిగించే బీడింగ్ గది లోపలి వైపు ఉండాలి. బయటి వైపు ఉంటే దొంగ దాన్ని ఊడదీసి అద్దం తీసుకుని లోపలికి వస్తాడు. పలకల తలుపులో మధ్య పలకకు జిగురు పెట్టనివ్వకు, దాని చుట్టూ కొట్టే బీడింగ్ మేకులు చట్రంలోకి దిగాలి, పలకలోకి దిగకూడదు. పలక గాడిలో స్వేచ్ఛగా ఆడాలి. కట్టేస్తే నిలువునా చీలుతుంది. పలకకు పాలిష్ ముందే పూర్తిగా వేయించు, లేకపోతే వేసవిలో అది కుంచించుకున్నప్పుడు అంచున పాలిష్ లేని తెల్లటి గీత బయటపడుతుంది.

సరుకు గురించి అడిగావు. నీళ్లు తగలని చోట, రంగు వేసే పట్టీకి ఎండీఎఫ్ ఫర్వాలేదు, నునుపుగా ఉంటుంది, వంకర పోదు. బాత్రూమ్ తలుపు దగ్గర, చెదల భయం ఉన్న చోట పీవీసీ వేసుకో. పాలిష్ చేసి చెక్క అందం చూడాలంటే టేకే. టేకు తెచ్చాక వెంటనే కోయనివ్వకు. మధ్యమధ్య చిన్న పుల్లలు పెట్టి అదే గదిలో వారం రోజులు పరిచి ఉంచు, ఆ గది గాలికి అలవాటు పడుతుంది. చివరల్లో మేకు కొట్టే ముందు డ్రిల్లుతో సన్నటి రంధ్రం వేయాలి, లేకపోతే చీలుతుంది. పట్టీ పొడవు చాలక అతకాల్సి వస్తే నిలువుకోత వద్దు, రెండు చివరలూ ఏటవాలుగా కోసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టమను.

ఇప్పుడు నీ ముహూర్తం దగ్గరికి వస్తాను. శ్రావణమంటే వానలు. చెక్క నిండా తేమ. మీ గోడలకు ప్లాస్టరింగ్ అయి ఎంతో కాలం కాలేదు, వారం రోజుల పాటు కొట్టిన నీళ్లు ఇంకా గోడలోంచి బయటికి వస్తూనే ఉన్నాయి. ఉబ్బి ఉన్న పట్టీని ఉబ్బినట్టే కోసి, తడిగోడకు బిగిస్తే, వచ్చే వేసవికి ప్రతి మూలా విడుస్తుంది. ముహూర్తానికి తలుపుల పట్టీలు, గుమ్మం పని పూర్తి చేయించు, చాలు. వచ్చిన చుట్టాలు గుమ్మం చూస్తారు, పాలు పొంగాయా లేదా చూస్తారు. సీలింగ్ అంచున కార్నిస్ లేదని ఎవరూ భోజనం మానేసి వెళ్లరు. కార్నిస్, గోడ చట్రాలు, పడకగది స్కర్టింగ్ సంక్రాంతి దాటాక పెట్టుకో. అప్పటికి గోడలు ఆరతాయి, గాలి పొడిబారుతుంది, ఆ ఇంట్లో మీరు ఎక్కడ కూర్చుంటున్నారో, ఏ గోడకు ఏం తగులుతోందో మీకూ తెలుస్తుంది.

ఈ సాయంత్రమే మేస్త్రీకి ఫోన్ చెయ్యి. "రెండు రోజుల్లో" అన్న మాట వెనక్కి తీసుకో. ఆయన కూలి ఆయనకు ముహూర్తం ముందే లెక్క కట్టి ఇచ్చెయ్యి, మిగతా పనికి సంక్రాంతి తరవాత రమ్మని ఇప్పుడే మాట తీసుకో. కొనే పట్టీ లెక్క కన్నా పదో వంతు ఎక్కువ కొను, ఒకే దుకాణంలో ఒకేసారి కొను. తరవాత వెతికితే అదే వంపు దొరకదు. మిగిలిన ముక్కలు పారెయ్యకుండా అటక మీద పెట్టించు. కార్నిస్ మొదలుపెట్టిన రోజు ఒక్క మూల చేయించి, స్టూలెక్కి నువ్వే దగ్గరగా చూసుకుని, బాగుందంటేనే రెండో మూల కోయమను.